గెలిచినవారు మళ్లీ ఓడిపోగలిగే స్థితిని ఎవరు కాపాడాలి?

అన్వేషి

ప్రజాస్వామ్యం పతనం గురించి మనం విన్న పాత హెచ్చరికలన్నీ సైనిక కుట్రల చుట్టూ తిరుగుతాయి: రేడియో కేంద్రాన్ని ఆక్రమించుకోవడం, ట్యాంకులు వీధుల్లోకి రావడం, రాజ్యాంగాన్ని రద్దు చేస్తున్నట్టు ఒక సైనికాధికారి ప్రకటించడం. గత పదిహేనేళ్లలో చాలా దేశాలు ఎదుర్కొన్న సమస్య స్వభావం వేరు. సక్రమంగా ఎన్నికైన ప్రభుత్వాలే సభలో ఓటింగు జరిపి, గెజెట్‌లో అచ్చువేసి, ఒక్కో చట్టంతో తమను ఓడించడం కష్టమయ్యే ఏర్పాట్లు చేసుకున్నాయి.

హంగరీ పేరు అందరూ ఎత్తేదే. అయినా వివరాల్లోకి వెళ్తే తప్ప ఈ పద్ధతి ఎలా పనిచేస్తుందో అర్థం కాదు. 2010 ఏప్రిల్ ఎన్నికల్లో విక్టర్ ఓర్బాన్ నాయకత్వంలోని ఫిదెస్ కూటమికి దాదాపు 53 శాతం ఓట్లు రాగా, సీట్లలో మూడింట రెండొంతులకు పైగా దక్కాయి. అక్కడ రాజ్యాంగాన్ని మార్చడానికి ఆ బలం సరిపోతుంది. 2011లో ఆమోదించిన కొత్త రాజ్యాంగం 2012 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. పార్లమెంటు స్థానాలను 386 నుంచి 199కి కుదించారు, నియోజకవర్గాల హద్దులు కొత్తగా గీశారు, న్యాయమూర్తుల పదవీ విరమణ వయసును 70 నుంచి 62కు తగ్గించి ఒక తరం న్యాయమూర్తులను ఒక్కసారిగా ఇంటికి పంపే ప్రయత్నం చేశారు. 2014లో ఆ కూటమికి వచ్చిన ఓట్లు సుమారు 45 శాతానికి పడిపోయినా, మూడింట రెండొంతుల సీట్లు మాత్రం చెక్కుచెదరలేదు. వీటిలో ఏ చర్యను విడిగా తీసుకున్నా, ఎక్కడో ఒక ప్రజాస్వామ్య దేశంలో అలాంటి నిబంధన ఉందని చూపించి సమర్థించుకోవచ్చు. ప్రమాదం వాటి కలయికలో ఉంది.

నేతలు ఓట్ల కోసం పోటీ పడి అధికారం సంపాదించే పద్ధతే ప్రజాస్వామ్యమని 1942లో ఆర్థికవేత్త షుంపీటర్ నిర్వచించాడు. అధికారంలో ఉన్న పార్టీలు ఎన్నికల్లో ఓడిపోయే వ్యవస్థే ప్రజాస్వామ్యమని రాజనీతి శాస్త్రవేత్త ప్షెవోర్‌స్కీ దాన్ని మరింత పదును పెట్టాడు. నాకు ఈ రెండో నిర్వచనం చాలా విలువైనదిగా అనిపిస్తుంది, కానీ దాన్ని గతానికి కాకుండా భవిష్యత్తుకు వర్తింపజేయాలి. ఎన్నిక జరిగిందా అన్నది సగం ప్రశ్న. ఈ ఎన్నికలో గెలిచినవారు వచ్చే ఎన్నికలో ఓడిపోవడానికి వాస్తవమైన అవకాశం మిగిలి ఉందా అన్నది మిగతా సగం. ఆ అవకాశాన్ని కాపాడే బాధ్యత ఎవరిది? దీని మీద ఈ చర్చావేదిక సభ్యుల ఆలోచనలు తెలుసుకోవాలని ఉంది.

న్యాయరేఖ

అన్వేషి గారి ప్రశ్నకు ఇరవయ్యో శతాబ్దం ఇచ్చిన ప్రధాన సమాధానం, కొన్ని విషయాలను మెజారిటీకి అందనంత ఎత్తులో పెట్టడం. ఈ ఆలోచన వెనుక 1933 మార్చి 23 ఉంది. ఆ రోజు జర్మన్ పార్లమెంటు 444 ఓట్లతో, 94 మంది వ్యతిరేకతను పక్కకు నెట్టి, చట్టాలు చేసే అధికారాన్ని హిట్లర్ ప్రభుత్వానికి అప్పగించింది. కమ్యూనిస్టు సభ్యులను అప్పటికే సభకు రాకుండా చేశారు, సాయుధ దళాలు సభ చుట్టూ మోహరించి ఉన్నాయి. అయినా పైకి చూస్తే అంతా రాజ్యాంగ సవరణకు కావలసిన మూడింట రెండొంతుల మెజారిటీతోనే జరిగింది. అందుకే 1949 నాటి జర్మన్ మౌలిక చట్టం 79వ అధికరణంలో, మానవ గౌరవాన్నీ ప్రజాస్వామ్య వ్యవస్థ మూల సూత్రాలనూ ఏ సవరణతోనూ తొలగించరాదన్న నిబంధన చేర్చారు.

భారతదేశంలో అటువంటి వాక్యమేదీ రాజ్యాంగంలో లేదు. 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి కేసులో 13 మంది న్యాయమూర్తుల ధర్మాసనం 7-6 తేడాతో, రాజ్యాంగ మూల లక్షణాలను ఏ సవరణా చెరపరాదన్న మౌలిక స్వరూప సూత్రాన్ని ప్రతిపాదించింది. ఒక్క ఓటు తేడాతో నిలిచిన ఆ సూత్రం ఆధారంగానే, అత్యయిక పరిస్థితి కాలంలో వచ్చిన 42వ సవరణలోని కీలక భాగాలను 1980లో మినర్వా మిల్స్ తీర్పు కొట్టివేసింది. పార్లమెంటుకు రాజ్యాంగాన్ని సవరించే అధికారం పరిమితమైనదనీ, ఆ పరిమిత అధికారాన్ని ఉపయోగించి తన అధికారాన్ని అపరిమితం చేసుకోరాదనీ చెప్పిన తర్కం అన్వేషి గారి ప్రశ్నకు నేరుగా తగులుతుంది. ఓడిపోగలిగే స్థితి మౌలిక స్వరూపంలో భాగమైతే, దాన్ని చెరిపేసే సవరణను చెల్లదని చెప్పగల అధికారం ఒక న్యాయస్థానానికి ఉండాలి.

సమతావాది

న్యాయరేఖ గారూ, మీ వాదనలో న్యాయస్థానం ఎప్పుడూ ప్రజాస్వామ్యం పక్షానే నిలుస్తుందన్న నమ్మకం దాగి ఉంది. 1976 ఏప్రిల్‌లో, అత్యయిక పరిస్థితి నడుస్తుండగా, అదే సుప్రీంకోర్టు 4-1 మెజారిటీతో, నిర్బంధంలో ఉన్నవారికి హెబియస్ కార్పస్ కోరే, అంటే తమ నిర్బంధాన్ని కోర్టులో సవాలు చేసే హక్కు కూడా ఉండదని తీర్పు ఇచ్చింది. మినర్వా మిల్స్ తీర్పు వచ్చింది 1980లో, అంటే ప్రమాదం దాటిపోయిన తర్వాత. ప్రమాదం దాటించింది 1977 మార్చిలో ఓటర్లు.

నా అసలు అభ్యంతరం ఇంకా లోతైనది. మధ్య అమెరికా దేశం ఎల్ సాల్వడార్‌ను చూడండి. 2021 మే 1న కొత్తగా కొలువుదీరిన శాసనసభ తొలిరోజే రాజ్యాంగ ధర్మాసనంలోని ఐదుగురు న్యాయమూర్తులనూ అటార్నీ జనరల్‌నూ తొలగించింది. రాజ్యాంగం నిషేధించిన వరుస రెండో పదవీకాలానికి కొత్త ధర్మాసనం కొద్ది నెలల్లోనే దారి చూపింది. 2024 ఫిబ్రవరిలో అధ్యక్షుడు బుకేలే మళ్లీ 80 శాతానికి మించిన ఓట్లతో గెలిచాడు. 2025 జులైలో అధ్యక్షుడు ఎన్నిసార్లయినా పోటీ చేయవచ్చని రాజ్యాంగాన్ని మార్చారు. సిద్ధాంత గ్రంథాల ప్రకారం ఇది పతనమే. కానీ ముఠాల హింసలో పిల్లలను పోగొట్టుకున్న తల్లికి, వీధిలో దుకాణం పెట్టుకోవడానికి ముఠాకు కప్పం కట్టిన మనిషికి, పాత ఉదారవాద సంస్థలు ఏం ఇచ్చాయి? ఆ సంస్థలు ఉన్న కాలంలోనే వారు భయంతో బతికారు. ఆ ఓటర్లను మోసపోయినవారిగా చిత్రించి ముందుకు సాగే సిద్ధాంతం మీద నాకు గౌరవం లేదు.

అంబేద్కర్ 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో చేసిన హెచ్చరికల్లో రెండింటిని కలిపి చదవాలని నా మనవి. రాజకీయాల్లో వ్యక్తిపూజ నియంతృత్వానికి దారితీస్తుందన్నది ఒకటి. రాజకీయాల్లో సమానత్వం, సామాజిక ఆర్థిక జీవితంలో అసమానత్వం అన్న వైరుధ్యాన్ని త్వరగా తొలగించకపోతే, అసమానతకు గురైనవారే ప్రజాస్వామ్య నిర్మాణాన్ని పేల్చివేస్తారన్నది రెండోది. మొదటి హెచ్చరికను వల్లించే చాలామంది రెండోదాన్ని దాటవేస్తారు. సంస్థలు ఖాళీ చేతులతో నిలబడినప్పుడు వాటిని కాపాడమని ఎవరిని అడగగలం?

సహపౌరురాలు

సమతావాది గారి రెండో అంశంతో నాకు పూర్తి ఏకీభావం ఉంది. అయితే అందులో రెండు వేర్వేరు విషయాలు కలిసిపోయాయి. ముఠాలను కఠినంగా అణచివేయాలని మెజారిటీ కోరుకోవడం ఒక విధాన నిర్ణయం. ఆ విధానం తప్పని రేపు మరో మెజారిటీకి అనిపిస్తే దాన్ని మార్చే దారి మూసేయడం అటువంటి నిర్ణయం కాదు. అది నేటి మెజారిటీ రేపటి మెజారిటీ నోరు నొక్కడం. 2022 మార్చి నుంచి కొనసాగుతున్న అక్కడి అత్యయిక నిబంధనల కింద పదుల వేలమందిని అరెస్టు చేశారు. వారిలో నిర్దోషి ఎవరైనా ఉంటే, అతని తల్లి ఏ ధర్మాసనం ముందు నిలబడాలి? ఈ తల్లి బాధకూ సమతావాది గారు చెప్పిన తల్లి బాధకూ మధ్య ఒకదాన్ని ఎంచుకోమని పౌరులను బలవంతపెట్టే పరిస్థితే అసలు వైఫల్యమని నేను అనుకుంటాను.

ఇక్కడ రాజనీతి సిద్ధాంతవేత్త యాన్-వెర్నర్ మ్యూలర్ చేసిన విశ్లేషణ ఉపయోగపడుతుంది. ఉన్నతవర్గాలను విమర్శించే ప్రతి నాయకుడూ పాపులిస్టు కాడు. తానొక్కడినే నిజమైన ప్రజలకు ప్రతినిధినని, తనను వ్యతిరేకించేవారు ప్రజల్లో భాగమే కారని చెప్పేవాడే పాపులిస్టు. ఈ మాట ఒప్పుకుంటే ఆ నాయకుడు ఓడిపోవడం తర్కరీత్యానే అసాధ్యం అవుతుంది. ప్రజలు తమను తాము ఓడించుకోలేరు కదా. అందువల్ల ఓటమి వస్తే ఓట్ల లెక్కింపులో మోసం జరిగి ఉండాలి, లేదా విదేశీ కుట్ర ఉండాలి. మరో రాజనీతి సిద్ధాంతవేత్త శాంటాల్ మూఫ్ చెప్పే ప్రత్యర్థికీ శత్రువుకూ మధ్య తేడా కూడా ఇక్కడే కీలకం. ప్రత్యర్థి ఆలోచనలను ఎంత తీవ్రంగానైనా ఎదిరించవచ్చు, కానీ వాటిని సమర్థించుకునే హక్కు అతనికి ఉందని ఒప్పుకుంటాం. శత్రువుకు ఆ హక్కు ఇవ్వం. రాజకీయాల్లో ఆవేశం తగ్గాలని నేను కోరుకోవడం లేదు. ఆ గీత చెరిగిపోకూడదని మాత్రమే నా పట్టుదల.

చరిత్ర విద్యార్థి

సంస్థలా, ప్రజలా అన్న వాదం కొంత అసహజంగా ఉంది. రెండూ ఒకదానికొకటి ఎలా ఆసరా అవుతాయో చూపే రాత్రి ఒకటి ఇటీవలే గడిచింది.

2024 డిసెంబరు 3 రాత్రి పదిన్నర ప్రాంతంలో దక్షిణ కొరియా అధ్యక్షుడు యూన్ సుక్-యోల్ టెలివిజన్‌లో సైనిక శాసనం ప్రకటించాడు. రాజకీయ కార్యకలాపాలన్నీ నిషేధిస్తున్నట్టు సైన్యం ఉత్తర్వు జారీ చేసింది. ఆ దేశ రాజ్యాంగం 77వ అధికరణంలో ఒక వాక్యం ఉంది: జాతీయ సభ మొత్తం సభ్యుల్లో మెజారిటీ కోరితే అధ్యక్షుడు సైనిక శాసనాన్ని ఎత్తివేసి తీరాలి. 300 మంది సభలో అంటే 151 మంది, ఆ అర్ధరాత్రి, భౌతికంగా సభామందిరంలో ఉండాలి. పోలీసులు గేట్లు మూసేశారు. సభాపతితో సహా పలువురు సభ్యులు ప్రహరీ గోడలు ఎక్కి లోపలికి దూకారు. సైనికులు కిటికీ అద్దాలు పగలగొట్టి భవనంలోకి చొరబడుతుంటే సభ సిబ్బంది సోఫాలూ బల్లలూ అడ్డంపెట్టి, అగ్నిమాపక సిలిండర్లు ప్రయోగిస్తూ వారిని అడ్డుకున్నారు. బయట వేలమంది పౌరులు సైనిక వాహనాలకు అడ్డంగా నిలబడ్డారు. ఒంటిగంట ప్రాంతంలో హాజరైన 190 మందీ, అధికార పక్షానికి చెందిన 18 మందితో సహా, ఏకగ్రీవంగా ఓటు వేశారు. తెల్లవారేలోగా శాసనం ఎత్తివేశారు. డిసెంబరు 14న అభిశంసన, 2025 ఏప్రిల్ 4న రాజ్యాంగ న్యాయస్థానం ఏకగ్రీవ తీర్పుతో పదవి నుంచి తొలగింపు జరిగాయి.

ఆ అధికరణం లేకపోతే గోడ దూకినవారికి చేయవలసిన పని ఏదీ ఉండేది కాదు. గోడ దూకేవారు లేకపోతే ఆ అధికరణం కాగితంమీదే ఉండేది. ఒక రాజ్యాంగం చేయగలిగిన గొప్ప పని, సంకట సమయంలో పౌరులు, ప్రతినిధులు ఎక్కడ గుమికూడాలో, ఏ సంఖ్య చేరుకుంటే గెలిచినట్టో ముందే చెప్పి ఉంచడం. అధికార పక్షం నుంచి వచ్చిన ఆ 18 ఓట్లు నాకు మరీ ముఖ్యమైనవిగా కనిపిస్తాయి. సొంత నాయకుడు హద్దు దాటినప్పుడు సొంత పార్టీవారు ఏం చేస్తారన్నదాని మీదే చాలా దేశాల భవితవ్యం తేలింది.

మధ్యేమార్గం

ఇంతవరకు ప్రజాస్వామ్యానికి ముప్పు పాలకుల నుంచి వచ్చిన ఉదాహరణలే చూశాం. రొమేనియా సంగతేమిటి? 2024 నవంబరు 24న అధ్యక్ష ఎన్నికల తొలి విడతలో ఎవరూ ఊహించని అభ్యర్థి కాలిన్ జార్జెస్కు ముందంజలో నిలిచాడు. సామాజిక మాధ్యమాల్లో అతనికి అనుకూలంగా సమన్వయంతో, వెలుపలి శక్తుల ప్రమేయంతో ప్రచారం నడిచిందన్న నిఘా నివేదికల తర్వాత, డిసెంబరు 6న రాజ్యాంగ న్యాయస్థానం మొత్తం ఎన్నికనే రద్దు చేసింది. 2025లో మళ్లీ జరిగిన ఎన్నికలో అతన్ని పోటీ చేయనివ్వలేదు. ప్రజాస్వామ్యాన్ని కాపాడటానికి ఓట్లను రద్దు చేయవచ్చా?

న్యాయరేఖ

ఈ ప్రశ్న నుంచి నేను తప్పించుకోను. నాజీ జర్మనీ నుంచి ప్రవాసం వెళ్లిన కార్ల్ లోవెన్‌స్టైన్ 1937లో పోరాడే ప్రజాస్వామ్యం అన్న భావనను ప్రతిపాదించాడు: తనను నాశనం చేయడానికి తన స్వేచ్ఛలనే వాడుకునేవారిని ప్రజాస్వామ్యం చేతులు కట్టుకుని చూడనవసరం లేదు. పశ్చిమ జర్మనీ ఆ మార్గంలో 1952లో నాజీ వారసత్వ పార్టీనీ, 1956లో కమ్యూనిస్టు పార్టీనీ నిషేధించింది. రెండో నిషేధం అవసరమేనా అన్న సందేహం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. ఏ నియంతృత్వం వైపు అయినా మొదటి అడుగు ఇదే భాషలో పడవచ్చు కాబట్టి ఈ ఆయుధానికి కఠినమైన షరతులు ఉండాలి. ఓటింగుకు ముందు ఉపయోగించాలి తప్ప ఫలితం తెలిశాక కాదు. సాక్ష్యాన్ని బహిరంగంగా పరీక్షించాలి. నిర్ణయం తీసుకునేవారికి ఆ ఫలితంలో లాభం ఉండకూడదు. రొమేనియా నిర్ణయం మొదటి షరతు దగ్గరే తడబడింది. రెండో షరతు విషయంలోనూ, ఓటర్లను ఒప్పించగలిగేంత సాక్ష్యం రద్దు సమయంలో వారి ముందుకు రాలేదు. అంతమాత్రాన ముప్పు కల్పితమని నేను అనను. ప్రచార ఖర్చు ఎక్కడినుంచి వస్తుందో, ఏ సందేశాన్ని ఏ యంత్రం ఎవరికి ఎందుకు చూపుతోందో ఎన్నికలకు ముందే తెలుసుకునే చట్టాలు లేకపోతే, చివరి నిమిషంలో ఇలాంటి మొరటు పరిష్కారాలే మిగులుతాయి.

సహపౌరురాలు

చర్చను మొదటి ప్రశ్న దగ్గరకు తీసుకువెళ్తాను. నియోజకవర్గాల హద్దులు గీసేదీ, ఎన్నికల నియమాలు రాసేదీ ఆ ఎన్నికల్లో పోటీ చేసేవారే కావడం, ఆటగాళ్లే అంపైర్లను నియమించుకోవడం లాంటిది. న్యాయస్థానాలు కూడా కొన్నిచోట్ల ఇక్కడ చేతులెత్తేశాయి. పార్టీ ప్రయోజనం కోసం హద్దులు గీయడం ఫెడరల్ కోర్టులు తేల్చగల అంశం కాదని 2019లో అమెరికా సుప్రీంకోర్టు 5-4తో చెప్పింది. మరి ఎవరు తేల్చాలి?

లాటరీ ద్వారా ఎంపికైన సాధారణ పౌరుల సభలు ఇక్కడ పనికివస్తాయని నా అభిప్రాయం. ప్రాచీన ఏథెన్స్‌లో ఐదువందలమంది మండలిని చీటీల ద్వారానే ఎంచేవారు. స్త్రీలనూ, బానిసలనూ, విదేశీ మూలాలవారినీ వెలివేసిన ఆ వ్యవస్థను ఆదర్శంగా చూపడం లేదు. ఎన్నికయ్యే మనిషికి లేని ఒక గుణం, అంటే మళ్లీ గెలవాల్సిన అవసరం లేకపోవడం, లాటరీ మనిషికి ఉంటుందని మాత్రమే చెబుతున్నాను. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో 2018లో ఓటర్లు ఆమోదించిన సవరణ ప్రకారం నియోజకవర్గాల హద్దులు గీసే పని 13 మంది పౌరుల సంఘానికి వెళ్లింది. దరఖాస్తుదారుల నుంచి చీటీల పద్ధతిలో తీసిన ఆ సంఘంలో రెండు పెద్ద పార్టీలవారు నలుగురేసి, ఏ పార్టీకీ చెందనివారు ఐదుగురు ఉంటారు. ఐర్లాండ్‌లో 2016లో ఏర్పడిన 99 మంది పౌరుల సభ, పార్టీలు దశాబ్దాలుగా ముట్టుకోవడానికి జంకిన గర్భస్రావం అంశాన్ని నెలల తరబడి విని, చర్చించి, సిఫారసు చేస్తే, 2018 మే 25న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో 66 శాతం ఓటర్లు మార్పును ఆమోదించారు.

సమతావాది

ఐర్లాండ్ కథ 2018తో ఆగిపోలేదు. 2024 మార్చిలో కుటుంబం, సంరక్షణ మీద రెండు సవరణలను అక్కడి ఓటర్లు భారీ తేడాతో తిరస్కరించారు. వాటికి మూలం కూడా ఒక పౌరసభ సిఫారసులే, అయితే ప్రభుత్వం పదాలను తనకు అనుకూలంగా మార్చింది. ఫ్రాన్స్‌లో 150 మంది పౌరుల వాతావరణ సభ 2020లో ఇచ్చిన 149 ప్రతిపాదనలకు పట్టిన గతీ అదే. వడపోత లేకుండా ముందుకు తీసుకువెళ్తానని అధ్యక్షుడు మాట ఇచ్చాడు, చట్టమయ్యేసరికి చాలా ప్రతిపాదనలు పలచబడ్డాయి. పౌరులను పిలిచి, మాట్లాడించి, చివరికి కలం మాత్రం తన చేతిలో ఉంచుకునే ప్రభుత్వం ప్రజల అవిశ్వాసాన్ని ఇంకా పెంచుతుంది. మరోవైపు, లాటరీ సభకు నిజంగా అధికారం ఇస్తే, తప్పు చేసినవారిని దింపే మార్గం ఓటరుకు ఉండదు. ఓటమి భయమే ప్రజాస్వామ్యానికి ప్రాణమని మనం ఒప్పుకున్నాక, ఓడిపోవడం కుదరని మనుషులకు పెత్తనం ఎలా అప్పగిస్తాం?

సహపౌరురాలు గారు చూపిన మిషిగన్ నమూనాను మాత్రం నేను అంగీకరించగలను, ఎందుకంటే అక్కడ పని ఒక్కటే, హద్దు స్పష్టం, ఫలితం కళ్లముందే ఉంటుంది. రాజకీయ నాయకులకు సొంత ప్రయోజనం ఉన్న అంశాలకే లాటరీ సంఘాలను పరిమితం చేసి, సంపద పంపిణీ, భూమి, వేతనాలు వంటి విషయాలను ఓటరు శిక్షించగల ప్రతినిధుల చేతుల్లోనే ఉంచాలి.

చరిత్ర విద్యార్థి

పరిమిత పనికి కూడా అడ్డంకి ఎక్కడ వస్తుందో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రం చూపించింది. 2004లో అక్కడ లాటరీతో ఎంపికైన పౌరుల సభ కొత్త ఎన్నికల పద్ధతిని ప్రతిపాదించింది. 2005లో దాదాపు 58 శాతం ఓటర్లు దానికి అవును అన్నారు. ప్రభుత్వం ముందే పెట్టిన గీత 60 శాతం. ప్రతిపాదన వీగిపోయింది.

అన్వేషి

ఈ సమాధానాలన్నీ చదివాక, ఇంకా ఎవరూ తాకని ఒక కోణం మిగిలింది. పాలకులు ఓడిపోవడానికి ఒప్పుకోవాలంటే ఓటమి భరించదగినదిగా ఉండాలి. ఓడితే జైలు, ఆస్తుల జప్తు, అనుచరుల మీద దాడులు అని తెలిసినవాడు కుర్చీని వదలడు. అదే సమయంలో, అధికారంలో ఉండగా చేసిన నేరాలకు ఓటమి తర్వాత విచారణే లేకపోతే చట్టం ముందు అందరూ సమానమన్న మాటకు విలువ ఉండదు. ఈ రెంటి మధ్య దారి సన్ననిది.

పోలండ్ ఇప్పుడు ఆ దారిలోనే ఉంది. 2015లో దాదాపు 38 శాతం ఓట్లతో సీట్లలో మెజారిటీ సాధించిన పార్టీ, న్యాయవ్యవస్థను ఎనిమిదేళ్లపాటు తన ఇష్టానికి మలచుకుంది. 2023 అక్టోబరు 15న దాదాపు 74 శాతం ఓటర్లు తరలివచ్చి ప్రతిపక్షాలకు మెజారిటీ ఇచ్చారు. అంటే ఓడిపోగలిగే స్థితి మిగిలే ఉంది. కానీ కొత్త ప్రభుత్వం కుర్చీ ఎక్కేసరికి అధ్యక్షుడి వీటో, పాత ప్రభుత్వం నింపిన రాజ్యాంగ ధర్మాసనం రెండూ ఎదురుగా నిలిచాయి. ఆ డిసెంబరులో ప్రభుత్వ టెలివిజన్ యాజమాన్యాన్ని మార్చడానికి అది ఎంచుకున్న పద్ధతి చట్టబద్ధతపై తీవ్ర వివాదం రేగింది. నియమాలు ఉల్లంఘించి నాటినదాన్ని నియమాలు పాటిస్తూ పెకలించడానికి ఎన్నేళ్లు పడుతుంది, అన్నేళ్లు ఓటర్లు ఓపిక పడతారా?

ఈ చిక్కుకు సమతావాది గారి షరతునూ న్యాయరేఖ గారి షరతులనూ కలిపి ఒక ప్రతిపాదన చేస్తున్నాను. ఎన్నికల పద్ధతి, హద్దులు, పదవీకాలం, న్యాయమూర్తుల వయోపరిమితి వంటి వాటిని మార్చే ఏ చట్టమైనా, దాన్ని చేసిన సభ కాలంలో కాకుండా, మధ్యలో ఒక సార్వత్రిక ఎన్నిక గడిచిన తర్వాతే అమల్లోకి రావాలి. చట్టసభ సభ్యుల జీతాల విషయంలో అమెరికా 27వ సవరణ ఇదే చేస్తుంది; 1789లో ప్రతిపాదించిన ఆ సవరణ 1992లో గానీ ఆమోదం పొందలేదు. దీనివల్ల మార్పు ఆగదు, మార్పు చేసినవారికి దాని లాభం ఖాయంగా దక్కుతుందన్న హామీ మాత్రం పోతుంది. మూడింట రెండొంతుల బలంతో ఈ వ్యవధి నిబంధననే రద్దు చేసేవారిని ఇది ఆపలేదు, అందుకే ఆ నిబంధన మార్పుకు కూడా అదే వ్యవధి వర్తించాలి.

సమతావాది

ఈ ప్రతిపాదనను నేను సమర్థిస్తాను, ఒక సవరణతో. ఓటు హక్కును విస్తరించే చట్టాలకు ఈ నిరీక్షణ వర్తించకూడదు. ఇంతకాలం జాబితాకు వెలుపల ఉంచిన మనిషి మరో ఎన్నిక గడిచేదాకా ఆగనవసరం లేదు.